షుగర్ ఉన్నవాళ్ల కళ్లకు ఏ పరీక్ష మేలు: షాపులోదా, కెమెరాదా, చుక్కలదా?

“కళ్లు చూపించుకున్నావా బాబాయ్?” అని అడిగితే, “ఆ, మొన్నే బీసెంట్ రోడ్‌లో కళ్లద్దాల షాపులో కంప్యూటర్ టెస్ట్ చేశార్రా, కొత్త అద్దాలు కూడా తీసుకున్నా” అన్నాడు. షుగర్ మొదలై ఎనిమిదేళ్లైన మనిషి.

ఆ కంప్యూటర్ చెప్పేది అద్దాల నంబరు మాత్రమే. షుగర్ దెబ్బకొట్టేది కంటి వెనకాల రెటీనాలో ఉండే సన్నని రక్తనాళాలను. అవి ఉబ్బి, కారుతున్నా మొదట్లో చూపు తగ్గదు. బోర్డు మీది ఆఖరి వరస దాకా గడగడా చదివేయొచ్చు. ఇంకో చిక్కేమిటంటే, షుగర్ 300 ఉన్న రోజుల్లో తీయించిన నంబరు నిలవదు. షుగర్ ఎక్కువైతే కంట్లోని లెన్స్ ఉబ్బుతుంది, అదుపులోకి వచ్చాక నంబరూ మారిపోతుంది. కొన్ని వారాలు ఆగి అద్దాలు చేయించుకుంటే డబ్బు మిగులుతుంది. అందుకే షాపు టెస్టును పోటీలోంచి తీసేస్తున్నా.

ఇక మిగిలినవి రెండు. కొన్ని షుగర్ క్లినిక్‌లలో ఫండస్ కెమెరా ఉంటుంది. గడ్డం ఆనించి కూర్చుంటే ఫ్లాష్ పడుతుంది, రెటీనా ఫోటో వచ్చేస్తుంది. చాలాసార్లు కంట్లో చుక్కలు వేయడం కూడా అక్కర్లేదు. ఐదు నిమిషాల పని, వెంటనే బండెక్కి వెళ్లిపోవచ్చు. ఇంత సులువు కాబట్టే బద్ధకస్తులకు ఇది వరం, బాబాయ్ లాంటివాళ్ల కోసమే కనిపెట్టారేమో. కానీ మామూలు కెమెరా ఒక ఫోటోలో చూపేది రెటీనా నడిమి భాగాన్నే, అంచులు రావు. శుక్లాలుంటే, కంటిపాప చిన్నదైతే ఫోటో మసకబారి దేనికీ పనికిరాకుండా పోతుంది. అరవై దాటినవాళ్లలో ఇది తరచూ జరిగేదే.

చుక్కల పరీక్ష అలా కాదు. చుక్కలు వేసి అరగంట దాకా కూర్చోబెడతారు. కంటిపాప విప్పారాక డాక్టరు తలకు లైటు కట్టుకుని, చేతిలో లెన్స్ పట్టుకుని రెటీనా అంచుల దాకా చూస్తారు. నడుమ వాపు ఉందన్న అనుమానం వస్తే రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ రాస్తారు. విజయవాడ వాళ్లకు తాడిగడపలో ఎల్వీ ప్రసాద్, గుంటూరు వైపు వాళ్లకు పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఇబ్బందల్లా ఒక పూట పోవడం. నాలుగైదు గంటలు దగ్గరివన్నీ మసకే, మన ఎండలో అయితే కళ్లు తెరవలేం. నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లు చుక్కలకు ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

నా ఓటు చుక్కలకే. టైప్ 2 అయితే షుగర్ బయటపడగానే ఒకసారి, టైప్ 1 అయితే ఐదేళ్లలోపు, తర్వాత సాధారణంగా ఏటా. షుగర్ ఉన్న ఆడవాళ్లు గర్భం వస్తే మొదటి మూడు నెలల్లోనే చూపించుకోవాలి, అప్పుడు సమస్య వేగంగా ముదరొచ్చు. మొదటి పరీక్షలో రెటీనా శుభ్రంగా ఉండి, షుగరూ బీపీ అదుపులో ఉన్నవాళ్లు తర్వాతి ఏడాదికి ఫోటోతో సరిపెట్టుకోవచ్చా అని ఆ డాక్టర్నే అడగొచ్చు. ఏ పరీక్షా చేయించుకోకుండా ఏడాది గడిపేయడం కన్నా ఫోటో వెయ్యి రెట్లు నయం. ఉన్నట్టుండి నల్లటి చుక్కలు తేలినా, తెర కమ్మినట్టున్నా మాత్రం ఫోటో గీటో వద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

బాబాయ్‌ని శనివారం బస్సులో తాడిగడప తీసుకెళ్తున్నా. నల్ల కళ్లద్దాలు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు సంచిలో పెట్టేశాను. “నా బండి మీద నేనొస్తాలేరా” అన్నాడు గానీ, తాళం నా దగ్గరే ఉంది.