హన్మకొండ నుంచి తిరుపతికి: గంట విమానం, పూట ప్రయాణం

శంషాబాద్ నుంచి తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటకు విమానం గంటా పావు. ఆ ఒక్క లెక్క చూసే పోయిన నెల అమ్మకూ నాకూ టికెట్లు తీశాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి, రాత్రంతా రైల్లో ఇబ్బంది పడుతుందని నా భయం.

పొద్దున ఐదున్నరకు హన్మకొండలో కారెక్కాం. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఎయిర్‌పోర్టు దాకా దాదాపు 165 కిలోమీటర్లు. రోడ్డు బాగుంది. టిఫిన్‌కు ఆగినా మూడున్నర గంటల్లో చేరాం. ఔటర్ మీద అమ్మ కాళ్లు చాపుకోలేక అడిగింది: "గంటసేపు ఎగిరేటందుకు గింతసేపు కార్ల కూసునుడా బిడ్డా?" ఏం చెప్పాలో తోచలేదు. దిగేటప్పుడు కారతను టోల్, బత్తా వేరే అన్నాడు. మాట్లాడినప్పుడు అన్నీ కలిపే అన్నాడు. మీరు మాత్రం ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

వీల్‌చైర్ సేవకు మాత్రం దండం పెట్టాలి. టికెట్‌తో పాటే అడిగి పెట్టుకున్నా, పైసా తీసుకోలేదు. విమానం ఎక్కేటప్పుడే కష్టమైంది. మాది ఏటీఆర్, అంటే రెక్కలకు పంకాలుండే చిన్న విమానం, తలుపు వెనకవైపు. ఉన్నవి కొన్ని మెట్లే, కానీ అమ్మ ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. పెద్దవాళ్లుంటే ఏ విమానమో చూసుకుని, ర్యాంపు ఉందా అని అడిగి తీయండి.

రేణిగుంటలో దిగాక పెద్దగా నడక లేదు, ఊరు కూడా దగ్గరే. అయినా ఇంటి గడప దాటి గదిలో అడుగు పెట్టేసరికి ఎనిమిదిన్నర గంటలు. స్టేషన్ ఎదురుగా దేవస్థానం వారి విష్ణు నివాసంలో దిగాం. రైలుకు పోయేవాళ్లకు అంతకంటే అనువైన బస లేదు.

ఆ రాత్రి ఫోన్లో పటం చూస్తే మనసు చివుక్కుమంది. వరంగల్ పక్కనున్న మన మామునూరు విమానాశ్రయం నుంచి గీత గీస్తే దాదాపు నిట్టనిలువుగా దక్షిణానికి దిగి రేణిగుంటకే చేరుతుంది, ఆకాశమార్గాన సుమారు 475 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి 420. ఆ తేడా విమానానికి పది నిమిషాలు కూడా కాదు, మాకేమో రోడ్డు మీద మూడున్నర గంటలు. నిజాం కాలంలో కట్టిన మామునూరు 1981 దాకా విమానాలు చూసింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి తిరుపతికి చిన్న ఏటీఆర్ ఒక్కటి తిరిగినా మా దిక్కు ముసలివాళ్లకు ఎంత ఆసరా!

వచ్చేటప్పుడు పద్మావతి ఎక్స్‌ప్రెస్. అమ్మకు కింది బెర్త్ దొరికింది. కాళ్లు చాపి, కొంగు ముఖాన కప్పుకుని ఒంగోలు రాకముందే నిద్రపోయింది. వరంగల్‌లో తెల్లవారకముందే దిగి ఆటోలో ఇంటికొచ్చాం.

వచ్చే మాఘంలో పెద్దమ్మను కూడా తీసుకపోవాలి. పోను రాను రెండూ రైలుకే తీస్తున్నా.