డాలస్‌లో ప్రీ-మెడ్: కాలిన్ కాలేజీయా, యూటీ డాలసా?

ఫ్రిస్కో, ప్లేనో తెలుగు ఇళ్లలో పిల్ల డాక్టరవుతానంటే, మెడికల్ స్కూలుకు సిద్ధం చేసే డిగ్రీ చదువు (ప్రీ-మెడ్) గురించి ముందు వేసే లెక్క ఇదే. రెండేళ్లు కాలిన్ కాలేజీ అనే స్థానిక కమ్యూనిటీ కాలేజీలో చదివి నాలుగేళ్ల కాలేజీకి మారడమా, నాలుగేళ్లూ రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్‌లోనేనా?

ఫీజులో కాలిన్‌కు సాటి లేదు, కాలిన్ కౌంటీలో ఉండేవాళ్లకు మరీ చవక. చిక్కల్లా సైన్సుతోనే. కొన్ని మెడికల్ స్కూళ్లు కెమిస్ట్రీ, బయాలజీ నాలుగేళ్ల కాలేజీలో చదివితేనే ఇష్టపడతాయి. మారిపోతే పాత గ్రేడ్లు మరుగున పడతాయనుకోవద్దు, దరఖాస్తులో ప్రతి కాలేజీ గ్రేడూ లెక్కలోకొస్తుంది. పైగా ల్యాబులో చోటు వెతుక్కోవడానికి, సిఫార్సు లేఖ రాసేంతగా ఓ ప్రొఫెసరుకు తెలియడానికి మిగిలేది రెండేళ్లే. మెడికల్ స్కూలు ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కు చదువూ అందులోనే.

యూటీ డాలస్ ఖర్చు ఎక్కువే. కానీ చేరినప్పటి ట్యూషన్ నాలుగేళ్లూ పెరగదు, ఇంటి నుంచే వెళ్లొస్తే హాస్టల్ డబ్బు మిగులుతుంది. మంచి స్కాలర్‌షిప్ వస్తే ఇక ఈ చర్చే అక్కర్లేదు.

అప్పు లేకుండా కట్టగలిగితే నా ఓటు యూటీ డాలస్‌కే. 2026 జులై నుంచి కొత్తగా మెడిసిన్‌లో చేరేవారికి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) విద్యా రుణం ఏడాదికి 50 వేల డాలర్లు దాటదు, కాబట్టి డిగ్రీకే అప్పుల్లో దిగడం తెలివి కాదు. కట్టలేకపోతే కాలిన్‌లో ఇంగ్లిష్, చరిత్ర, గవర్నమెంట్ కానిచ్చేసి, ఆర్గానిక్ కెమిస్ట్రీ మాత్రం మారాకే తీసుకోవాలి.