ఫారం నింపడమా, వార్డులో నిలబడి మాట్లాడుకోవడమా: రోగి భద్రతకు ఏది మేలు?

హిందూపురం, కదిరి, మదనపల్లె ప్రాంతాల నుంచి పెద్ద వైద్యం కోసం బెంగళూరుకు వచ్చే తెలుగువారు చేరే ఆసుపత్రులలో రోగి భద్రత కోసం ప్రధానంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, పొరపాటు జరిగినా, జరగబోయి తప్పినా సిబ్బంది ఇన్సిడెంట్ ఫారం నింపి క్వాలిటీ విభాగానికి పంపడం. రెండోది, షిఫ్టు మారే వేళ ఇన్‌ఛార్జి సిస్టర్ చుట్టూ ఆ వార్డు వారందరూ పది నిమిషాలు నిలబడి, నేడు ఏ రోగి విషయంలో ఏమి తప్పిపోయే అవకాశముందో చెప్పుకోవడం. దీనిని హడిల్ అంటున్నారు. సిబ్బంది కొరత ఉన్నచోట రెండింటికీ సమానంగా సమయం ఇవ్వడం సాధ్యం కాదు కనుక, దేనికి ముందు పీట వేయాలన్నది తేల్చుకోక తప్పదు.

ఫారం పద్ధతికి ఉన్న బలం చిన్నది కాదు. ఒక వార్డులో ఒక్కసారి జరిగినది యాదృచ్ఛికంగా తోస్తుంది. అదే మరో మూడు వార్డులలోనూ జరిగిందని తెలిస్తే కారణం వేరే చోట ఉందని అర్థమవుతుంది. ఫార్మసీ కొత్తగా తెప్పించిన ఒక ఇంజెక్షన్ ఆంప్యూల్ (చిన్న గాజు సీసా) మరొక మందు ఆంప్యూల్‌ను పోలి ఉండటం, సిరలోకి మందు ఎక్కించే ఒకే రకం ఇన్ఫ్యూజన్ పంపు పలుచోట్ల మొరాయించడం వంటివి ఒక్కచోట కూడిన ఫారాలలో తప్ప బయటపడవు. మందుల దుష్ప్రభావాల నమోదుకు 2010లో, రక్తమార్పిడి వికటించిన సంఘటనల నమోదుకు 2012లో దేశవ్యాప్త కార్యక్రమాలు మొదలైనది కూడా ఇందుకే. ఈ విషయంలో హడిల్ దానికి సాటి రాదు.

అయితే ఫారం నిజం చెబుతుందా అన్నదే అసలు ప్రశ్న. 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రులలో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న యూనిట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్లు తేలింది. అక్కడ తప్పులు ఎక్కువ జరిగాయని కాదు, చెప్పడానికి భయం తక్కువని ఆమె వివరించారు. కాబట్టి నెలవారీ సమావేశంలో ఒక వార్డు ఫారాల సంఖ్య సున్నా అని చూపి మెచ్చుకునే యాజమాన్యం, నోరు మెదపని వార్డును మెచ్చుకుంటూ ఉండవచ్చు.

ఆ భయం ఊహాజనితం కాదు. అమెరికాలోని టెన్నెసీలో 2017లో ఒక మందుకు బదులు మరొకటి ఇచ్చి, రోగి మరణానికి కారణమైన నర్సు రడాండా వాట్ తన పొరపాటును వెంటనే ఒప్పుకున్నారు. అయినా 2022లో న్యాయస్థానం ఆమెను నేరస్థురాలిగా తేల్చి, మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణలో ఉంచడం) విధించింది. మన దేశంలో వైద్యుడిని క్రిమినల్ కేసులో దోషిగా నిలపాలంటే నిర్లక్ష్యం తీవ్రస్థాయిలో ఉండాలని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే అయిదేళ్ల వరకు శిక్ష విధించవచ్చంటూనే, చికిత్స సందర్భంలో నమోదిత వైద్యులకు దానిని రెండేళ్లకు పరిమితం చేసింది. నర్సు ఆ మినహాయింపు పరిధిలోకి రాదు. ఫారం నింపవలసింది ఎక్కువగా ఆమే అన్నప్పుడు, ఆమె చేయి ఎందుకు వెనకాడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

హడిల్‌లో చర్చించేది ఎక్కువగా ఇంకా జరగని దాని గురించి. రెండు పక్కపక్క మంచాల మీద ఇద్దరు వెంకటలక్ష్ములు ఉన్నారని చెప్పినందుకు ఎవరికీ మెమో రాదు. పైగా బెంగళూరు వార్డులలో భాషల చిక్కు ఒకటుంది: నర్సు మలయాళీ, డ్యూటీ డాక్టర్ కన్నడిగుడు, రోగి కదిరి నుంచి వచ్చిన తెలుగు పెద్దావిడ. “మా అమ్మకు ఆ సూది పడదమ్మా” అని కూతురు చెప్పిన మాట ముందుగా చేరేది తెలుగు తెలిసిన ఆయమ్మ చెవికే. ఆయమ్మకు సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ ఉండదు, ఇంగ్లీషు ఫారం ఆమెకు అక్కరకు రాదు. హడిల్‌లో నిలబడే చోటు ఆమెకు ఇస్తే మాత్రం ఆ మాట మందు ఎక్కించకముందే డాక్టరుకు చేరుతుంది. నా తీర్పును హడిల్ వైపు మొగ్గించిన కారణాలలో ఇది మొదటిది.

రెండో కారణం అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర అనుభవం. అక్కడ వందకు పైగా ఐసీయూలలో డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ బృందం, పెద్ద సిరలలో అమర్చే క్యాథెటర్ల (సన్నని గొట్టాల) వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లను పద్దెనిమిది నెలలలో దాదాపు మూడింట రెండు వంతులు తగ్గించిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. చేతులు కడుక్కోవడం, అవసరం తీరిన క్యాథెటర్‌ను తీసివేయడం వంటి అయిదు సూచనల పట్టికనే అందరూ గుర్తు పెట్టుకున్నారు గానీ, నియమం తప్పితే డాక్టరునైనా ఆపే అధికారం నర్సుకు ఇవ్వడం, యూనిట్ స్థాయిలో భద్రతా కార్యక్రమం నడపడం కూడా అందులో భాగాలే. పట్టికను మాత్రమే అమలు చేస్తే ఏమవుతుందో కెనడాలోని ఒంటారియోలో కనిపించింది. అక్కడి 101 ఆసుపత్రులలో శస్త్రచికిత్స వేళ సరిచూసుకునే మరో పట్టిక, అంటే చెక్‌లిస్టు, తప్పనిసరయ్యాక మరణాలలో చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదని 2014లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఎనిమిది నగరాలలో ప్రయత్నించినప్పుడు మాత్రం మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కాగితం కంటే దానిని వాడే జట్టులో మాట చెల్లడమే ముఖ్యమని, హడిల్ ఇచ్చేది అదేనని నాకు అనిపిస్తుంది.

హడిల్‌కు లోపాలు లేకపోలేదు. సీనియర్ కన్సల్టెంట్ రాకపోతే అది నర్సుల హాజరుపట్టీగా మిగులుతుంది. చెప్పిన సమస్యను ఎవరు, ఎప్పటిలోగా చూస్తారో బోర్డు మీద రాయకపోతే పదిహేను రోజులకే జనం చెప్పడం మానేస్తారు. నర్సులు విదేశాలకో, మరో ఆసుపత్రికో తరచుగా వెళ్లిపోయే ఈ నగరంలో, నోటిమాటగా నేర్చుకున్నది వారితోనే పోతుంది. అందువల్ల వార్డులో హడిల్‌ను స్థిరపరచి, అందులో తేలినవాటిలో ఇతర వార్డులకూ సంబంధించిన వాటిని మాత్రమే ఇన్‌ఛార్జి సిస్టర్ తన పేరుతో ఫారంలోకి ఎక్కించడం మేలు. రోగికి హాని జరిగిన సంఘటనకు మాత్రం ఫారం వెంటనే పడాలి. క్వాలిటీ విభాగమే లేని ముప్పై పడకల నర్సింగ్ హోములకు ఈ తర్జనభర్జన అవసరం లేదు: యజమాని డాక్టరు ఉదయం రౌండ్స్‌కు ముందు పది నిమిషాలు నిలబడి వింటే చాలు, అదీ తాను చివర మాట్లాడితేనే.