రీస్టార్ట్ ఎప్పుడో నేనే చెప్తా: విండోస్ ప్రో అప్‌డేట్ సెట్టింగ్‌ల సమీక్ష

ముందే చెప్పేస్తున్నా, విండోస్ అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేసే చిట్కా కోసం వచ్చినవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు. వాటిని రానిస్తూనే, వచ్చే వేళను నా చేతిలో పెట్టుకుని విండోస్ 10 వాడిన కాలం నుంచి ఇప్పటి విండోస్ 11 దాకా పని చేసుకుంటున్నాను. ఆ అనుభవమే ఇది. నాది ప్రో ఎడిషన్. చేసేది వీడియో ఎడిటింగ్. రాత్రి రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైల్‌గా తయారుచేసే పని) పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫైల్ సిద్ధంగా ఉండాలి. మధ్యలో సిస్టమ్ దానంతటది రీస్టార్ట్ అయిందంటే మళ్లీ మొదటికే. అందుకే ఏ సెట్టింగ్‌నైనా నేను చూసేది ఒకే లెక్కన: నేను సరే అనకుండా ఏమేం జరిగిపోతుంది?

విండోస్ 7 వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్‌డేట్ల కోసం అసలు వెతకనే వద్దు అని చెప్పే ఆప్షన్ కంట్రోల్ ప్యానెల్‌లో ఎదురుగానే ఉండేది. 2015లో విండోస్ 10 వచ్చాక సెట్టింగ్స్‌లో అది లేకుండా పోయింది. తర్వాత కొంచెం కొంచెంగా పట్టు సడలించారు. 2016లో యాక్టివ్ అవర్స్ (అప్‌డేట్ కోసం రీస్టార్ట్ చేయొద్దని మనం చెప్పే వేళలు) ఇచ్చారు, 2019 మే అప్‌డేట్‌తో హోమ్ ఎడిషన్ వాళ్లకూ 35 రోజుల దాకా పాజ్ చేసుకునే వీలిచ్చారు.

యాక్టివ్ అవర్స్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. అంటే రోజులో ఆరు గంటలు ఎప్పుడూ సిస్టమ్‌వే. పగలు పని చేసుకుని రాత్రి మూసేసేవాళ్లకు ఇది చాలు. నాలాంటివాళ్లకు ఆ ఆరు గంటలే అసలు పనివేళ.

నాకు నిజంగా పనికొచ్చింది గ్రూప్ పాలసీ, అంటే విండోస్ ఎలా నడుచుకోవాలో నిర్వాహకులు నియమాలు పెట్టే చోటు. ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరిచి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్ మీదుగా విండోస్ అప్‌డేట్ దాకా వెళ్లాలి. 11లో లోపల ఇంకో ఫోల్డర్ పెట్టారు, పేరు మేనేజ్ ఎండ్ యూజర్ ఎక్స్‌పీరియన్స్. (ఇంత ముఖ్యమైనదాన్ని ఇంత లోతున దాచడం ఏమిటో!) అక్కడ కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్ అనే పాలసీని ఎనేబుల్ చేసి, 2వ నంబర్ ఎంచుకోవాలి. 3 అయితే డౌన్‌లోడ్ దానంతటది చేసుకుని ఇన్‌స్టాల్‌కు మాత్రమే అడుగుతుంది. 2 అయితే డౌన్‌లోడ్‌కు ముందే అడుగుతుంది.

నెలనెలా రెండో మంగళవారం సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను పూడ్చే అప్‌డేట్లు) వస్తాయి. నాకు వచ్చేది ఒక నోటిఫికేషన్, సెట్టింగ్స్‌లో ఒక డౌన్‌లోడ్ బటన్, అంతే. చేతిలో పని ఉంటే దాన్ని అలాగే వదిలేస్తా. వారాంతంలో ప్రాజెక్టులన్నీ సేవ్ చేసి నొక్కుతా. ఒక్కటి గుర్తుంచుకోవాలి, డౌన్‌లోడ్ నొక్కితే ఇన్‌స్టాల్ దాని వెనకే వచ్చేస్తుంది. అందుకని రీస్టార్ట్ కూడా అప్పుడే కానిచ్చేస్తా. రీస్టార్ట్ పెండింగ్‌లో పెట్టుకుని రెండర్ మొదలుపెట్టే అలవాటు లేదు. ఈ పద్ధతికి మారాక రాత్రి పెట్టిన పని అప్‌డేట్ వల్ల ఆగిన సందర్భం లేదు.

అయితే ఏళ్లుగా వాడాక నాకు అర్థమైంది వేరే ఉంది. అప్‌డేట్ అని ఒకే పేరుతో వచ్చేవాటిలో మూడు రకాల సరుకు ఉంటుంది: నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్‌లు, ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్, డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు). మొదటిది త్వరగా తీసుకోవాలి. మిగతా రెండూ ఎంత నిదానంగా వస్తే అంత మంచిది. వీటిని విడదీసుకోగలిగితేనే కంట్రోల్ మన చేతిలో ఉన్నట్టు. పాజ్ బటన్‌కు ఈ తేడా తెలియదు. అన్నిటినీ ఒకే తాడుతో కట్టి ఆపుతుంది, గడువు తీరాక మళ్లీ పాజ్ చేయాలంటే పెండింగ్ ఉన్నవన్నీ వేసుకోమంటుంది.

డ్రైవర్ల సంగతి చెప్తా. నా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెకు) దాని తయారీదారు సొంతంగా ఇచ్చే డ్రైవర్ బాగానే పనిచేసేది. అదే తయారీదారు అప్‌డేట్ల దారిన పంపిన ఇంకో వెర్షన్ దాని మీద కూర్చుంది. రికార్డింగ్‌లో చిటపటలు మొదలయ్యాయి. డివైస్ మేనేజర్‌లో రోల్‌బ్యాక్ చేస్తే పోయాయి. తర్వాత, విండోస్ అప్‌డేట్లతో డ్రైవర్లను కలపొద్దు అని చెప్పే పాలసీ ఒకటి ఉంటే దాన్ని ఎనేబుల్ చేశాను. ఆ గొడవ అంతటితో తీరింది. డ్రైవర్ కావాలంటే నేనే వెళ్లి తెచ్చుకుంటా.

కొత్త వెర్షన్ల విషయంలో తొందర ఎందుకు పనికిరాదో 2018 అక్టోబర్ అప్‌డేట్ చూపించింది. 1809 అనే ఆ వెర్షన్ కొందరి డాక్యుమెంట్లను చెరిపేసింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించి, పాత చోట ఫైళ్లు మిగిల్చినవాళ్లకు ఆ పాత ఫోల్డర్ ఎగిరిపోయింది. రోజుల వ్యవధిలోనే మైక్రోసాఫ్ట్ దాన్ని వెనక్కి తీసుకుని, నవంబర్ 13న మళ్లీ విడుదల చేసింది. నేను వాడేది టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్ అనే పాలసీ. ఏ వెర్షన్ దగ్గర ఆగాలో అందులో రాసేస్తే అక్కడే ఉంటుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం యథావిధిగా వస్తాయి. ఎల్లకాలం కాదు లెండి. విండోస్ 11లో ఒక్కో వెర్షన్‌కు హోమ్, ప్రో వాళ్లకు 24 నెలల సపోర్ట్. అది ముగిశాక కూడా కదలకపోతే, 60 రోజులు దాటాక అదే ముందుకు తోస్తుంది. ఈ షరతు నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

మరి ప్యాచ్‌లకు తొందరెందుకంటే, వన్నాక్రై. విండోస్‌లోని ఒక లోపం గుండా దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వైరస్ అది. ఆ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్ 2017 మార్చి 14న వచ్చింది, దాడి మే 12న జరిగింది. ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. ఇప్పుడున్న 35 రోజుల పాజ్ అప్పుడు ఉండి, ఎవరైనా దాన్ని పూర్తిగా వాడుకున్నా ఏప్రిల్ 18కల్లా ప్యాచ్ పడిపోయేది. అంటే వేళ మన చేతిలో ఉన్నంత మాత్రాన మునిగిపోరు, నెలల తరబడి పట్టించుకోకపోతేనే ప్రమాదం. అందుకే అప్‌డేట్ సర్వీస్‌నే డిసేబుల్ చేయమనే సలహాలు చూస్తే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం గుర్తొస్తుంది. ఆ సర్వీస్‌ను ఆపినా, దాన్ని మళ్లీ బాగుచేసి లేపడానికే మెడిక్ సర్వీస్ అని ఇంకొకటి కాపు కాస్తుంటుంది.

బయట ఎలా ఉందో కూడా చూశాను. లినక్స్ రకమైన ఉబుంటులో డీఫాల్ట్‌గా సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడతాయి, ఆటోమేటిక్ రీబూట్ మాత్రం ఆఫ్‌లో ఉంటుంది. సరిగ్గా నాకు కావలసిన అమరికే. అక్కడే స్నాప్ రూపంలో వచ్చే యాప్‌లది వేరే కథ, అవి రోజుకు నాలుగుసార్లు అప్‌డేట్లు వెతుక్కుంటాయి. వాటిని నిలిపి ఉంచే హోల్డ్ ఆప్షన్ చాలా ఆలస్యంగా వచ్చింది. మ్యాక్‌లోనూ సిస్టమ్ అప్‌డేట్లకు ఒక స్విచ్, సెక్యూరిటీ వాటికి ఇంకో స్విచ్, విడివిడిగా, మామూలు సెట్టింగ్స్‌లోనే ఉన్నాయి.

నా మార్కులు: ప్రో ఎడిషన్‌కు ఐదుకు నాలుగు. తగ్గిన ఒకటి, ఇదంతా నిర్వాహకుల కోసం పెట్టిన ఎడిటర్‌లో దాగి ఉన్నందుకు. హోమ్‌కు రెండున్నర. హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటరే లేదు. పాజ్, యాక్టివ్ అవర్స్, నెట్ కనెక్షన్‌ను మీటర్డ్‌గా (డేటాకు పరిమితి ఉన్నదిగా) గుర్తు పెట్టడం, ఈ మూడింటితోనే సరిపెట్టుకోవాలి. మీటర్డ్ పెడితే చాలా డౌన్‌లోడ్లు ఆగుతాయి, అత్యవసరమైనవి దాన్ని దాటుకుని రావచ్చు. డౌన్‌లోడ్‌కు ముందు అడిగే ఆ ఒక్క ఆప్షన్ హోమ్ సెట్టింగ్స్‌లో పెట్టడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు, ఇవ్వదలచుకోలేదు అంతే.

కొత్త వెర్షన్ వేసుకోబోయేవాళ్లకు ఒక మాట. నచ్చకపోతే పాత వెర్షన్‌కు వెళ్లడానికి ఇచ్చే గడువు 10 రోజులే. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి విండోస్‌లోనే ఉండే డిస్మ్ (DISM) టూల్‌తో దీన్ని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు, కానీ ఆ పది రోజుల లోపే చేయాలి. నేనైతే అప్‌గ్రేడ్ అయిన రోజే ఆ కమాండ్ కొట్టేస్తా. పాత విండోస్ ఫోల్డర్ కొన్ని గిగాబైట్లు మింగుతుంది, మింగనిస్తా.