థయోపెంటోనా, ప్రొపొఫాలా: మందు నరం పక్కకి కారితే

మా కోనసీమలో కుక్కకి ఆపరేషన్ అంటే ముందు అడిగేది ఖర్చెంతనే. మత్తుమందు ఏదని నేనూ అడగలేదు. మా కుక్క రాజుగాడికి థయోపెంటోన్ అనే మత్తుమందు ఇస్తుంటే ముంగాలి నరంలోంచి సూది కాస్త జారింది. మూడో రోజుకి అక్కడ చర్మం నల్లబడింది, తర్వాత పెచ్చులా ఊడింది.

థయోపెంటోన్ ద్రావణం పీహెచ్ 10 పైనే, అంటే ఘాటైన క్షారం. నరంలో రక్తంతో కలిసిపోతే సరే, బయటికి కారిందా, కండని కాల్చేస్తుంది. నరం కూడా వాచి, గట్టిపడొచ్చు. అందుకే కుక్కలకి సాధారణంగా 2.5 శాతానికి పలచన చేసి ఇస్తారు. కారిందని తెలియగానే డాక్టరు ఆ చోట సెలైన్ ఎక్కించి పలచబరుస్తారు. మావాడి విషయంలో ఎవరూ గమనించలేదు, అదీ నా బాధ.

రెండో మత్తుమందు ప్రొపొఫాల్ పాలలా తెల్లగా ఉంటుంది, సోయా నూనెతో చేసిన ఎమల్షన్, అంటే నూనె నీళ్లలో కలిసిపోయిన ద్రవం. ఎక్కేటప్పుడు మంట పుట్టి కొన్ని కుక్కలు కాలు లాక్కుంటాయి గానీ, పక్కకి కారినా చర్మం ఊడటం అరుదు. చిక్కల్లా ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే మందు) లేని సీసాతోనే: మూత తీశాక సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. నిన్న తెరిచింది వద్దనండి.

గబగబా ఎక్కిస్తే రెండింటితోనూ ఊపిరి ఆగొచ్చు.

నన్నడిగితే ప్రొపొఫాలే. థయోపెంటోన్ తప్పదంటే మాత్రం, ఉత్త సూదితో కాకుండా కాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టి, ముందు సెలైన్ తోసి చూడమనండి.