మూడు మందులు ఒకే క్యాప్సూల్లో: కొన్నేళ్లు వాడాక

ఆస్పిరిన్ (రక్తం గడ్డకట్టకుండా), అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్‌కి), రామిప్రిల్ (బీపీకి, గుండెకి) మూడూ కలిసిన క్యాప్సూల్‌ని కొన్నేళ్లుగా రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటున్నాను. నాకు బాగా కుదిరింది. స్టెంట్ పడ్డవాళ్లు దీని గురించి తమ డాక్టర్ని ఒకసారి అడిగి తీరాలంటాను.

గుండె మందులతో చిక్కేమిటంటే, మానేస్తే ఆ రోజు ఏమీ తెలియదు. తలనొప్పి మాత్రయితే నొప్పే గుర్తు చేస్తుంది. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోకపోయినా ఒంట్లో మార్పేమీ కనబడదు. విడివిడిగా వాడిన రోజుల్లో మూడు స్ట్రిప్పులూ ఎప్పుడూ ఒకేసారి అయిపోయేవి కావు. ఇప్పుడు మా బెంగళూరు మెజెస్టిక్‌ బస్టాండులో కర్నూలు బస్సెక్కేటప్పుడు ఒక్క స్ట్రిప్పు జేబులో ఉంటే చాలు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రం విడిగా పొద్దున వేసుకుంటున్నాను.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. ఇలా కలిపిన మాత్రల మీద మన దేశంలో జరిగిన తొలి పెద్ద పరీక్షను ఇక్కడి, అంటే బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలే నడిపించింది, ఫలితాలు 2009లో వచ్చాయి. మన దేశంలోనూ యూరప్‌లోనూ చేసి 2013లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో, కలిపిన మాత్ర ఇచ్చినవాళ్లలో 86 శాతం మంది మందులు సరిగా వాడుతుంటే, మామూలు పద్ధతిలో 65 శాతమే. అయితే అందులో గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. ఆ ఫలితం 2022లో యూరప్ అధ్యయనంలో కనబడింది: గుండెపోటు వచ్చినవాళ్లకు ఈ మూడు మందులే కలిపి ఇస్తే, మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం లాంటివి 12.7 శాతం నుంచి 9.5 శాతానికి తగ్గాయి. అది చదివాకే నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

మోతాదుల సంగతి ముఖ్యం. మా కార్డియాలజిస్టు మూడింటినీ విడిగా వాడించి, మోతాదు కుదిరాకే కలిపి రాశారు. ఒకసారి మెడికల్ షాపులో "ఇదీ అదే సార్, కంపెనీ వేరు" అని ఇచ్చారు. తీరా చూస్తే అటోర్వాస్టాటిన్ 20 బదులు 10 మిల్లీగ్రాములే ఉంది. గుండెపోటు వచ్చినవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. స్ట్రిప్పు వెనక ప్రతి అంకె చూసి తీసుకోండి. ఆపరేషన్ కోసం ఆస్పిరిన్ ఒక్కటే ఆపమన్నా క్యాప్సూల్లో అది కుదరదు, మిగతా రెండూ విడిగా రాయించుకోవాలి.

అందరికీ పడదు కూడా. వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా బావగారికి రామిప్రిల్ వల్ల పొడిదగ్గు పట్టుకుంది. డాక్టరు దాని బదులు టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మందు రాశారు. దాంతో ఆయన మళ్లీ విడి మాత్రలకే వచ్చేశారు. దగ్గు పోయింది. వారానికి సరిపడా మాత్రల్ని మా అక్క ప్రతి ఆదివారం గళ్ల డబ్బాలో సర్దుతోంది.