పిట్ట రెట్ట ఖరీదు లక్షా ఎనభై ఏడు వేలు

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా కెమెరా మెడలో వేసుకుని యూరప్ బయల్దేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. నాదీ సరిగ్గా అదే ధీమా. మా ఇద్దరికీ కలిపి 2,614 రూపాయలు ప్రీమియం కట్టాను. బార్సిలోనాలో 1,34,990 రూపాయల కెమెరా, 52,000 రూపాయల లెన్సు పోగొట్టుకున్నాను. కంపెనీ నుంచి వచ్చింది ఒక ఈమెయిల్. అందులో నా పేరు కూడా తప్పే.

ముందు పాలసీ ఎలా కొన్నామో చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుల కవర్ ఉన్న పాలసీ చూపించాలి. మనలో చాలామంది దాన్ని ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్ల లాగా వీసా ఫైల్లో పెట్టే ఇంకో కాగితం అనుకుంటాం. నిజాంపేటలో మా వీధి చివర జిరాక్స్ షాపు పక్కన ఒక కుర్రాడు బండి ఇన్సూరెన్సులు చేస్తుంటాడు, అతనికే వాట్సాప్‌లో పాస్‌పోర్టులు పంపించా. "తమ్ముడూ, నా దగ్గర కాస్త ఖరీదైన కెమెరా ఉంది, అది కూడా కవర్ అవుతుందా?" అని అడిగా. "అన్నీ కవర్ అన్నా, బ్యాగేజీ కూడా ఉంది" అని జవాబు, పక్కనే ఒక బొటనవేలు బొమ్మ. పది నిమిషాల్లో 41 పేజీల పీడీఎఫ్ వచ్చింది. మొదటి పేజీలో పేర్లు, పుట్టిన తేదీలు చూసి మూసేశా.

వెళ్లింది నలుగురం. నేను, మా ఆవిడ, మా తోడల్లుడు అన్నయ్య, వదిన. అన్నయ్య బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, ఆయన చంకలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ ఫోల్డరు ఉంటుంది. శంషాబాద్‌లో చెక్-ఇన్ అయ్యాక మేము కాఫీ తాగుదామంటే ఆయన వదినను తీసుకుని కస్టమ్స్ వాళ్ల దగ్గరికి వెళ్లాడు. వదిన నాలుగు గాజులు, నల్లపూసలు, తన లాప్‌టాప్ చూపించి, బిల్లులు, నగల షాపువాళ్ల వాల్యుయేషన్ కాగితం ఇచ్చి, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకున్నాడు. ఈ వస్తువులు ఇక్కడి నుంచే తీసుకెళ్తున్నాం, అక్కడ కొన్నవి కావు అని మన కస్టమ్స్ వాళ్లే సంతకం పెట్టి ఇచ్చే కాగితమన్నమాట. నలభై నిమిషాలు పట్టింది, కాఫీ చల్లారిపోయింది, నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. "నీ కెమెరా కూడా రాయించుకో తమ్ముడూ" అన్నాడాయన. నేను వినలేదు. లెన్సుకి బిల్లు లేదు, అదీ సంగతి. కోఠిలో కొన్నా, బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గిస్తానన్నాడు షాపువాడు, సరే అన్నాను.

పారిస్ మూడు రోజులు బాగానే గడిచింది. ఒక్కటే చెప్పాలి, వదిన సూట్‌కేసు 19 గంటలు ఆలస్యంగా వచ్చింది. బెల్ట్ దగ్గర అందరూ వెళ్లిపోతుంటే అన్నయ్య మాత్రం కౌంటర్ దగ్గర నిలబడి పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం తీసుకునేదాకా కదల్లేదు. ఎయిర్‌పోర్టు దాటకముందే అది తీసుకోవాలి, తర్వాత మన మాట ఎవరూ వినరు. బట్టలకీ సామాన్లకీ 62 యూరోలైంది, రసీదులు ఫోల్డర్లోకి వెళ్లాయి. మా నలుగురిదీ ఒకే కంపెనీ పాలసీ. సామాను పన్నెండు గంటలకు మించి ఆలస్యమైతే ఖర్చులిస్తామని అందులో ఉంది, ఇంటికొచ్చాక 6,324 రూపాయలు వాళ్ల ఖాతాలో పడ్డాయి కూడా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ కంపెనీ మొత్తం మోసం అని రాయాలని నాకు చాలా ఉంది, కానీ రాయలేను.

బార్సిలోనాలో నాలుగు రాత్రులకి ఒక ఇంట్లో రెండు గదులు తీసుకున్నాం, రాత్రికి 176 యూరోలు, టూరిస్టు పన్ను వేరే. పాత బిల్డింగు, లిఫ్టులో ఇద్దరు పడితే మూడోవాడి ఊపిరి ఆగిపోతుంది, వేడినీళ్లు మూడో మనిషికి అయిపోతాయి. అయినా ఆ ఇంటికి నేను పదికి పది ఇస్తా, కారణం ఆ ఇంటావిడ. అరవై దాటి ఉంటాయి. తాళాలిచ్చేటప్పుడు గోడ బీరువాలో బిగించిన చిన్న సేఫ్ చూపించి, పాస్‌పోర్టులు, డబ్బులో సగం ఇందులో, మిగతా సగం ఒంటి మీద అని చేతులతో చేసి చూపించింది. తర్వాత నా కెమెరా బ్యాగు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. బయట కూర్చున్నప్పుడు బ్యాగు పట్టీ కుర్చీకి కాదు, కాలికి చుట్టుకోవాలట, తను కూర్చుని చేసి మరీ చూపించింది. అన్నయ్య వెంటనే ప్రాక్టీసు చేశాడు.

మూడో రోజు సాయంత్రం సియుతదెల్లా పార్కు. ఖర్జూరం లాంటి చెట్లు, వాటి మీద గోలగోలగా ఆకుపచ్చ చిలకలు. నేను ఒక ఫొటో తీసి, కెమెరా బ్యాగులో పెట్టి, బ్యాగు బెంచీ మీద నా తొడకి ఆనించి కూర్చున్నా. భుజం మీద తడిగా ఏదో పడింది. చూస్తే ఆకుపచ్చ తెలుపు కలిసిన జిగురు, కుళ్లిన ఆవాల వాసన. పైన చిలకలున్నాయి కదా, అనుమానం ఎందుకొస్తుంది? "పిట్ట రెట్ట పడితే మంచిది తమ్ముడూ, డబ్బొస్తుంది" అని అన్నయ్య నవ్వుతున్నాడు. ఇంతలో చక్కగా బట్టలు వేసుకున్న ఒక పెద్దాయన టిష్యూలు, నీళ్ల సీసాతో వచ్చి, అయ్యో అయ్యో అన్నట్టు మొహం పెట్టి నా వీపు తుడుస్తున్నాడు. ఇటు తిరగండి, వెనక కూడా ఉంది అని సైగ. తిరిగాను. మా ఆవిడ కూడా నా వీపే చూస్తోంది. పట్టుమని అర నిమిషం కూడా కాలేదు. పెద్దాయన నమస్కారంలా చెయ్యి ఊపి వెళ్లిపోయాడు, నేను థాంక్యూ కూడా చెప్పాను. బెంచీ మీద బ్యాగు లేదు.

మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పోలీస్ స్టేషన్‌కి ఆ ఇంటావిడే మాతో వచ్చింది, రమ్మని మేం అడగలేదు. రెండున్నర గంటలు కూర్చున్నాం. మా ముందు ఇద్దరు కొరియా పిల్లలు, ఫోన్ పోయి ఒకమ్మాయి ఏడుస్తోంది. ఫిర్యాదుని అక్కడ డెనున్సియా అంటారు, డబ్బేమీ తీసుకోరు, దాని కాపీ లేకుండా ఏ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరికీ వెళ్లి లాభం లేదు. కెమెరా సీరియల్ నంబరు అడిగారు. నాకేం తెలుసు? పెట్టె ఇంట్లో అటక మీద ఉంది. అప్పుడు పక్కనున్న కొరియా అబ్బాయి చెప్పాడు, ఫొటో ఫైల్లోనే నంబరు ఉంటుందని. కెమెరాలో తీసిన ఒరిజినల్ ఫొటో వివరాలు తెరిస్తే చాలా కెమెరాలు తమ సీరియల్ నంబరు అందులో రాసిపెడతాయి. పారిస్ ఫొటోల కార్డు నా జేబులో ఉంది, ప్రతి రాత్రీ కార్డు మార్చడం మా ఆవిడ పెట్టిన రూలు. గదిలో ఉన్న అన్నయ్య లాప్‌టాప్ తెప్పించి చూస్తే బాడీ నంబరు దొరికింది. ఆ యాత్రలో నా తరఫున జరిగిన ఒకే ఒక్క తెలివైన పని మా ఆవిడది.

మిగతా రోజులు ఫోన్‌తో ఫొటోలు తీశాం. తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో వదిన గాజుల గురించి అడిగారు, అన్నయ్య కాగితం తీశాడు, రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశారు. ఆయన నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువగా గుచ్చుకుంది.

క్లెయిమ్ ఫారం, బోర్డింగ్ పాసులు, పోలీసు రిపోర్టు, దానికి ఇంగ్లీషు అనువాదం (ఇది హైదరాబాద్‌లో చేయించా, 1,800 రూపాయలు), కెమెరా బిల్లు, అన్నీ పంపించా. లెన్సుకి బిల్లు ఏది అన్నారు. కోఠి షాపువాడికి ఫోన్ చేస్తే, ఇప్పుడు పాత తేదీతో బిల్లు ఎలా ఇస్తాను సార్ అన్నాడు, అదీ న్యాయమే. పదహారో రోజు అసలు జవాబు వచ్చింది. 26వ పేజీ చూడమన్నారు. బ్యాగేజీ కవర్ అంటే విమాన సంస్థకి అప్పగించిన చెక్-ఇన్ సామాను, అది కూడా వాళ్ల చేతిలో ఉండగా పూర్తిగా పోతేనే. మన చేతిలో ఉన్న సంచీకి కవర్ లేదు. కింద చిన్న అక్షరాల్లో ఇంకోటి: కెమెరాలు, లాప్‌టాప్‌లు, ఫోన్లు, నగలు, నగదు ఆ చెక్-ఇన్ సామానులో ఉన్నా సరే ఇవ్వరు.

మళ్లీ చదివాను. చేతిలో ఉంటే బ్యాగేజీ కాదు, బ్యాగేజీలో ఉంటే కెమెరాకి వర్తించదు. మరి కెమెరా ఎక్కడ ఉండాలి, ఆకాశంలోనా?

విమాన సంస్థలదీ ఇదే వరస. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను పోతే, పాడైతే, ఆలస్యమైతే ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్కల్లో వాడే ఒక కొలమానం) దాకా వాళ్లది బాధ్యత. మన డబ్బుల్లో సుమారు లక్షా ఎనభై వేలు, అంటే దాదాపు నా నష్టమంత. కానీ విలువైన వస్తువులు చెక్-ఇన్‌లో పెట్టకండి అని వాళ్ల షరతుల్లోనే రాసుకుంటారు. సూట్‌కేసు పగిలితే ఏడు రోజుల్లోపు, ఆలస్యమైతే చేతికి వచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఇదంతా అన్నయ్య చెప్పిందే, ఫోల్డరు చూడకుండా చెప్పాడు.

మా ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఇన్సూరెన్స్ కంపెనీలన్నింటినీ అదుపులో పెట్టే ఐఆర్‌డీఏఐ హెడ్ ఆఫీసు దేశం మొత్తానికీ అక్కడే నానక్‌రామ్‌గూడలో ఉంది, రోజూ దాని ముందునుంచే వెళ్తా. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అది నాకు పనికొచ్చే ఆఫీసు అనుకోలేదు. క్లెయిమ్ విషయంలో కంపెనీ అన్యాయం చేసిందనిపిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు పెట్టి, తేలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో పెట్టొచ్చు. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా లక్డీకాపూల్‌లో బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ ఆఫీసుకి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నేను వెళ్లలేదు. 26వ పేజీలో స్పష్టంగా రాసి ఉన్నాక ఏమని వాదిస్తాను? బొటనవేలు బొమ్మ స్క్రీన్‌షాట్ మాత్రం జతచేసి, తప్పుడు మాట చెప్పి అమ్మారని కంపెనీకి ఒక ఫిర్యాదు పెట్టా. పరిశీలిస్తున్నామన్నారు.

ఇప్పుడు వెళ్లేవాళ్లకి నా మాట. ట్రావెల్ పాలసీ తప్పకుండా తీసుకోండి, కానీ అది ఆస్పత్రి కోసం, పాస్‌పోర్టు పోతే అయ్యే ఖర్చుల కోసం, సూట్‌కేసు ఆలస్యం కోసం. కెమెరా కోసం కాదు. కెమెరాకి విడిగా ఆల్ రిస్క్ పాలసీ అని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఉంటుంది, మామూలుగా మన దేశం వరకే, విదేశాల్లో కూడా వర్తించాలంటే అదనంగా కట్టి ఆ మాట పాలసీలో రాయించుకోవాలి. కొత్త కెమెరాకి (లక్షా అరవై వేలు, ఈసారి లెన్సుతో సహా బిల్లు మీదే) నేను ఏడాదికి 2,360 కట్టాను. అందులో కూడా గమనించకుండా వదిలేసిన వస్తువు పోతే ఇవ్వరు. తొడకి ఆనించి ఉన్న బ్యాగు వదిలేసినట్టా కాదా అని గంటసేపు అడిగాను, పాలసీ ఇచ్చిన ఆఫీసరుగారు ఓపిగ్గా, ఒంటి మీద ఉంటే మంచిది అన్నారు. ఫోన్ కొన్నప్పుడు షాపులో అంటగట్టే ప్రొటెక్షన్ ప్లాన్ నమ్ముకోకండి, నా దాంట్లో తాళం పగలగొట్టి చేసిన దొంగతనమే దొంగతనం, జేబు కొట్టడం లెక్కలోకి రాదు. బ్యాంకు ఓటీపీలు వచ్చే మన సిమ్ము పాత ఫోన్‌లో వేసి గదిలో సేఫ్‌లో పెట్టండి, బయట తిరిగే ఫోన్‌లో అక్కడి సిమ్ము. ఫోన్ ఐఎంఈఐ నంబరు, కెమెరా, లెన్సు సీరియల్ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఎవరికైనా ఇచ్చి వెళ్లండి. కస్టమ్స్ దగ్గర నలభై నిమిషాలు పడితే పట్టనివ్వండి, కాఫీ విమానంలో ఇస్తారు.

నిన్న ఆ ఏజెంటు కుర్రాడి నుంచి మళ్లీ వాట్సాప్ వచ్చింది. కారు ఇన్సూరెన్స్ ఈ నెల 28న అయిపోతోందట, రెన్యువల్ చేసేయమంటారా అన్నా అని అడిగాడు. షరతులతో సహా పాలసీ వర్డింగ్ మొత్తం పంపించు తమ్ముడూ, చదివి చెప్తా అన్నాను. బొటనవేలు పెట్టాడు. ఇంకా పీడీఎఫ్ రాలేదు.